చలికాలపు సముద్రం, ఫొటోల క్రింద పేర్లు

మార్గశిర, పుష్యమాసాలలో రామేశ్వరం పోయే మన మధుర, కోయంబత్తూరు కుటుంబాలవారు స్వామి దర్శనంతోపాటు ఒక పూట ఫొటోలకు కూడా ఉంచుకొనడం మంచిది. ఆ దీవికి రెండు సముద్రాలు. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నారు సింధుశాఖ. అక్కడి జాలరులు మొదటిదానిని ఆడ సముద్రమనీ, రెండవదానిని మగ సముద్రమనీ అంటారు. మామూలుగా నెమ్మదైనది ఆడ సముద్రమే. ఈశాన్యపు గాలి వీచే చలికాలంలో మాత్రం అదే అలలెత్తుతుంది, మగ సముద్రం అణగి ఉంటుంది. ధనుష్కోటి కొనన ఈ వింతను పిల్లలకు చూపవచ్చును.

ఫొటోలకు ఉదయపు ఎండ శ్రేష్ఠం. సూర్యుడు ప్రక్కగా ఉండేటట్లు నిలబడితే పడవల ఒంపులు చక్కగా తెలుస్తవి. పొద్దెక్కితే ఇసుక మెరుపుకు మొగాలు నల్లగా పడతవి. ఉప్పుగాలికి అద్దం మసకబారుతుంది గనుక మెత్తని గుడ్డ దగ్గర ఉంచుకోండి. ముందు ఇసుక ఊదివేసి, తరువాతనే తుడవండి. పాంబన్ రేవులో వలలు బాగుచేసుకునేవారిని అడగకుండా తీయరాదు. మనకు తమిళం వచ్చును గదా, ఒక్క మాట అడిగితే పోయేదేమీ లేదు.

1914లో తెరచిన పాత పాంబన్ రైలు వంతెన, ఓడ వచ్చినప్పుడు రెండు రెక్కలుగా పైకి విచ్చుకునేది. 2022 డిసెంబరులో దానిమీద రైళ్లు ఆగిపోయినవి. 2025 ఏప్రిల్ 6న తెరచిన కొత్త వంతెనలో 72.5 మీటర్ల భాగం నిలువుగా లేస్తుంది. పాత వంతెన మీద రైలు పోతున్న బొమ్మ మీ ఇంట ఉంటే పారవేయకండి. అటువంటిది ఇక తీయలేరు.

ఒకప్పుడు ధనుష్కోటి నుండి తలైమన్నారుకు స్టీమర్లు నడిచేవి. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫానులో ఊరూ పోయింది, వందమందికి పైగా ఉన్న రైలుబండీ పోయింది. మిగిలిన చర్చి గోడల ముందు గంతులు వేస్తూ ఫొటోలు దిగడం తగదు. అది చావు చూసిన చోటు. గోడను తీయండి, ఆ కథ పిల్లలకు చెప్పండి.

ఇంటికి వచ్చిన తరువాత పని ఇంకొకటి ఉన్నది. నాలుగు మంచి బొమ్మలను కాగితం మీద వేయించి, ఆల్బంలో అంటించి, క్రింద తేదీ, ఊరు, పేర్లు, వరుసలు వ్రాయండి. మన పిల్లలలో చాలామందికి తెలుగు మాట వచ్చును, తెలుగు అక్షరం రాదు. కాబట్టి తమిళంలోనూ తెలుగులోనూ ప్రక్కప్రక్కనే వ్రాయండి. అవ్వ పేరు, మేనమామ పేరు తెలిసినవే గనుక, ఒకటి చదివి రెండవదానిని పోల్చుకుంటారు. పది పేర్లయ్యేసరికి కొన్ని అక్షరాలైనా కంటికి అలవాటవుతవి. ఇంటింటా ట్రంకుపెట్టెలలో పేరు లేని పాత ఫొటోలు ఎన్నో ఉన్నవి. వారెవరో చెప్పగల పెద్దవారు ఉండగానే, ఈ సంక్రాంతి సెలవులలో వారిని కూర్చోబెట్టుకొని ఆ పని కూడా ముగించండి.