రేడియో నిలయము – తాళపుచెవి

శేరిలింగంపల్లి మండలమున నేడు మేడలకు కొదువ లేదు. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసినది మొదలు, రాళ్లగుట్టలున్న చోట లోకమంతటికిని సాఫ్టువేరు వ్రాసి పంపు కార్యాలయములు బారులు తీరినవి. ఆ మేడల సరసనే గచ్చిబౌలిలో, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణమున, ‘బోల్ హైదరాబాద్’ అను చిన్న సముదాయ రేడియో నిలయమున్నది. 90.4 మెగాహెర్ట్సుపై పలుకు ఇట్టి నిలయముల ధ్వని పది పదునైదు కిలోమీటర్లకు మించి పోదు. లోకమునకు సాఫ్టువేరు నొసగు ఈ తావున, ఇట్టి చిన్న నిలయమొకటి తన సాఫ్టువేరును మార్చుకొనవలసి వచ్చినపుడు ఏ దారి త్రొక్కవలయునను ప్రశ్నను పాఠకుల ముందుంచుచున్నాము.

ఆటోమేషన్ సాఫ్టువేరనగా నేమి? పాటలు, ప్రసంగములు, ప్రకటనలు, నిలయపు పేరు చెప్పు పలుకులు – వీనినన్నింటిని భాండారమున నుంచుకొని, ఏ నిమిషమున ఏది వినిపింపవలయునో పట్టిక వేసికొని, కుర్చీలో మనుష్యుడు లేకున్నను వరుస తప్పక వినిపించునది. ఏది ఎప్పుడు ప్రసారమైనదో లెక్కయు వ్రాసియుంచును. జీతములకు ధనము చాలని నిలయములకిది గొప్ప యాసరా. దీనిని కాలానుగుణముగా మార్చుట అవసరమే, మేము కాదనము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచితముగా సాగిన మామూలు రక్షణ సవరణల గడువు ముగిసినది. రక్షణలేని కంప్యూటరుతో కాలము గడపు నిలయము తలుపు తెరచి నిద్రించు ఇల్లు వంటిది. అయినను క్రొత్తదైనంత మాత్రమున ప్రతిదియు మేలైనది కాదు. మేమడుగునది ఒక్కటే: మార్పు ముగిసిన పిమ్మట నిలయపు తాళపుచెవి ఎవరి కొంగున నుండును?

ఈ ప్రశ్న మన నగరమునకు క్రొత్తది కాదు. 1948 సెప్టెంబరు 17న నిజాము తన లొంగుబాటును లోకమునకు తెలిపినది దక్కన్ రేడియో మూలముననే. రాజ్యమెవరిదో రేడియో వారిది. ప్రజ వినవలసినదే గాని పలుకరాదు. 1950లో ఆ నిలయము ఆలిండియా రేడియోలో కలిసినది. ధ్వజము మారెను, శ్రోత మాత్రము శ్రోతగానే మిగిలెను. 1995లో సుప్రీంకోర్టు వాయుతరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పెను. మరి పదునొకండేండ్లకు గాని, అనగా 2006 వరకు, స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడుపుకొను అనుజ్ఞ లభింపలేదు. 2008 అక్టోబరు 15న జహీరాబాదు సమీపమున మాచనూరులో దళిత స్త్రీలు నడుపు సంఘం రేడియోను ప్రారంభించినవారు, ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో నొకరైన జస్టిస్ సావంతుగారే. విత్తనమునకై అంగడికి చేయి చాపక తమ యింటి బుట్టలలోనే దాచుకొను ఆ స్త్రీలు, పలుకును సైతమట్లే తమ చేతిలో నుంచుకొనిరి. ఇంత కాలమునకు దక్కిన హక్కును, చదువక చేసిన యొక్క సంతకముతో మనము జారవిడుతుమా?

నేడు పెక్కు కంపెనీలు సాఫ్టువేరును అమ్మవు, అద్దెకిచ్చును. నెలనెలా రుసుము చెల్లింపనిచో తలుపు మూతపడును. భాండారము ఎక్కడనో పరుల కంప్యూటరులో నుండును. ఇంటర్నెట్టు తెగినచో మన పాట మనకే అందదు. వారు పంపు మార్పు మంచిదో చెడ్డదో పరీక్షించు నవకాశము మనకుండదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన లోపభూయిష్టమైన మార్పొకటి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసెను. బ్రిటనులో స్కై న్యూస్ ప్రసారము కొంతసేపు నిలిచిపోయెను. హైదరాబాదునుండి కలకత్తాకు పోవు ప్రయాణికునకు చేతితో వ్రాసిన చీటీయిచ్చి విమానమెక్కించిరి. కలము ఆనాడు పనికి వచ్చినది. కలమును పారవేసిన వారి గతి యేమి?

భాష మాట యింకొకటి. యూనికోడు వ్యాప్తికి పూర్వము మన తెలుగును ఎవరి లిపి వారిదిగా కంప్యూటరు కెక్కించితిమి. ఆ రీతిని వ్రాసికొన్న పాటల పేర్లు, ప్రసంగకర్తల పేర్లు క్రొత్త సాఫ్టువేరులో అర్థములేని గుర్తులుగా మారును. ధ్వని చెడదు, కాని పేరు పోయిన ధ్వనిని వేలకొలది పలుకులలో వెదకి తీయుటెట్లు? ఒక ముసలమ్మ పాడిన నాటుపాట ఇట్లే సమాధి యగును. కావున యంత్రమును మార్చుటకు ముందు పట్టికనంతటిని యూనికోడు తెలుగునకు మార్చి సరిచూచుకొనుట ప్రథమ కర్తవ్యము.

మనుష్యుని మాట చివరిదైనను చిన్నది కాదు. 2020 అక్టోబరు నడుమ కురిసిన కుంభవృష్టికి హైదరాబాదు వీధులు వాగులైనవి. అట్టి రాత్రి, ఏ త్రోవ మునిగినదో, ఎక్కడ అన్నము దొరకునో చెప్పవలసిన గంటలో, యంత్రము తన పట్టిక ప్రకారము ప్రేమగీతము వినిపించుచుండిన నేమి ప్రయోజనము? పట్టికను ఒక్క మీటతో త్రోసి మైకు ముందు కూర్చుండగల మనుష్యుడు ప్రతి నిలయమున నుండవలయును. అట్టి మీట లేని సాఫ్టువేరు ఎంత నూతనమైనను త్యాజ్యము.

దారి లేకపోలేదు. రివెండెల్, లిబ్రెటైమ్ అను సాఫ్టువేర్ల మూలరచన ఎల్లరకు తెరచియున్నది, రుసుము లేదు. మన దేశముననే గ్రామవాణి సంస్థ సముదాయ రేడియోలకై ‘గ్రిన్స్’ అనుదానిని నిర్మించినది. ఊరక వచ్చినదానికి చెడినపుడు పూచీపడువాడెవడని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. వ్రాయువాడు, దిద్దువాడు లేనిచో మూలరచన తెరచియుండియు ఫలము లేదు. కాని దిద్దగలవారు శేరిలింగంపల్లిలో లేరనిన నవ్వరా? పగలెల్ల పరుల కొలువున సాఫ్టువేరు దిద్దు మన యువకులు, యువతులు వారమున కొక సాయంకాలము తమ యూరి రేడియోకు ఈయలేరా?

నిలయముల పెద్దలకు మా మనవి: భాండారమును రెండు చోట్ల నకలు తీసి, ఒకటి నిలయము వెలుపల భద్రపరచుడు. ధ్వనులను ఏ యంత్రమైనను చదువగల రూపమున నుంచుడు. పాతదానిని వెంటనే తొలగింపక, కొన్ని వారములు క్రొత్తదానితో జతగా నడిపి చూడుడు. ఒడంబడిక ముగిసినపుడు మన సొత్తు మనకు మరల నిత్తురా యని వ్రాతమూలకముగా అడిగి, పిమ్మట సంతకము చేయుడు.

గొంతుక మనది, గాలి మనది, భాష మనది. తాళపుచెవి పరులదైనచో ఈ మూడును అద్దె సరుకులే యగును.