కార్డు రేటు కట్టేది ఎవరు, పెంచేది ఎవరు?

మా మేనల్లుడు నౌపడలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. ఆఫీసుల్లో వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ వాడిది. "మావయ్యా, వాయిదాల మీద గ్రాఫిక్స్ కార్డు తెచ్చేస్తాను. పనీ బేగి అవుతాది, గేమూ ఆడుకోవచ్చు" అన్నాడు మొన్న. ఆగరా బాబూ, ముందు ఆ డబ్బా ఇప్పు అన్నాను. పవర్ సప్లయ్ మీద 240 వాట్లని రాసుంది. వాడు మనసు పడ్డ ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతాది. దానికి వేరే కరెంటు వైరు కూడా కావాలి, ఈ డబ్బాలో అది లేదు.

ఇక్కడే లెక్క మారిపోతాది. 20 వేల కార్డు సెకనుకి 60 ఫ్రేములు, 15 వేల కార్డు 45 ఫ్రేములు ఇస్తాయనుకోండి. ఫ్రేముకి రెండూ 333 రూపాయలే. పెద్దదానికి 4 వేల పవర్ సప్లయ్ కలిపితే ఫ్రేము 400 అయి కూర్చుంటాది. మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే ఆ పైన ఎన్ని ఫ్రేములొచ్చినా తెర చూపించదు. ఈ మాట షాపువాడు ఎంచేత చెప్తాడు?

నంబరు చూసి కూడా మోసపోవద్దు. 2021లో వచ్చిన 3060కి 12 జీబీ మెమరీ ఉంది. 2023లో వచ్చిన 4060కి 8. 2025 నాటి 5060కీ అదే 8. కొత్తవి గేముల్లో చురుకే, కరెంటూ తక్కువే, కాదనను. కానీ 4కే వీడియో మీద ఎఫెక్టులు పేర్చితే ఆ 8 జీబీ ఇట్టే నిండిపోతాది. పాత 12 జీబీ కార్డు కొందామంటే అది క్రిప్టో మైనింగ్‌లో రేయింబవళ్లు తిరిగిందేమో చూసుకోవాలి. అరగంట నడిపించి చూడకుండా డబ్బులివ్వకండి.

మెమరీ దగ్గర ఈ పిసినారితనం ఏటి? 2025 జనవరితో ముగిసిన ఏడాది ఎన్విడియా ఆదాయం ప్రతి 100 డాలర్లలో సుమారు 88 డేటా సెంటర్లవే. చిప్పులు ముందు అటే పోతాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మామూలు జనానికి మెమరీ అమ్మే క్రూషియల్ వ్యాపారం మూసేస్తామంది. మన నౌపడకి ఇది కొత్త కాదు. ఉప్పు మడిలో ఎండేది మనం, బస్తా రేటు చెప్పేది ఇంకొకడు. ఇక్కడ తేడా ఒక్కటే, ఈసారి మనం కొనేవైపున్నాం.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖకి 15 బిలియన్ డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది. మనోళ్లు స్టేటస్‌లు పెట్టుకుని సంబరపడ్డారు. సరే, ఉద్యోగాలెన్ని అని అడుగుదాం. దాంతోపాటు ఆ యంత్రాల మీద కొన్ని గంటలు మన డిగ్రీ కాలేజీ పిల్లలకి ఉచితంగా ఇప్పించమని కూడా ప్రభుత్వాన్ని అడగాలి. భూమీ కరెంటూ నీళ్లూ మనవైనప్పుడు ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు.

మావాడు వాయిదాల మాట ఒగ్గేసాడు. 3050లో 6 జీబీ రకం 70 వాట్లతో, వేరే వైరు లేకుండా నడుస్తాది. ఫుల్ హెచ్‌డీ పెళ్లిళ్లకి చాలు. డబ్బా సన్నది కాబట్టి పొట్టి కార్డే పడతాది, టేపు పెట్టి కొలిచాం. ముహూర్తాలు అయ్యాక రొక్కం పట్టుకెళ్తాడంట.