అయిదు తలల పాముని చూసి భయపడితే చెడ్డపిల్లేనా?

"అక్క పనిమనిషి ఎందుకయిందమ్మా?"

ఆరేళ్ల మా పాప నిద్రకి ముందు అడిగిన ప్రశ్న ఇది. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన తల్లి దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకాన్ని ముచ్చటపడి కొని తెచ్చింది నేనే. తెలుపే అందమని పెళ్లి ప్రకటనల నుంచి టీవీ దాకా ఊదరగొట్టే చోట, నల్లటి ఆడపిల్లలు ఇంత ఠీవిగా కనబడే బొమ్మల పుస్తకం మా పాప చేతిలో ఉండాలనుకున్నాను.

'ముఫారోస్ బ్యూటిఫుల్ డాటర్స్' అనే ఈ పుస్తకాన్ని నల్లజాతి అమెరికన్ చిత్రకారుడు జాన్ స్టెప్టో 1987లో రాసి, బొమ్మలు వేశాడు. మరుసటి ఏడు దానికి కాల్డికాట్ ఆనర్ వచ్చింది. కథ ఇది. ముఫారోకి ఇద్దరు కూతుళ్లు. మన్యారా కోపిష్టి, న్యాషా శాంతమూర్తి. రాజు పెళ్లికూతురి కోసం వెతుకుతున్నాడని కబురొస్తుంది. అక్క ముందే పరుగెత్తి, ఆకలన్న పిల్లాడిని కసిరి, ముసలమ్మ సలహాని తోసిపుచ్చి రాజు ఇంటికి చేరుతుంది. అక్కడ అయిదు తలల పామును చూసి కేకలు పెడుతూ బయటికొస్తుంది. చెల్లెలు లోపలికి వెళితే కనబడింది తన తోటలో ఎప్పుడూ ఉండే చిన్న పాము. అదే రాజవుతుంది. చెల్లెలు రాణి అవుతుంది. అక్క ఆ రాణి ఇంట్లో పనిమనిషి అవుతుంది.

పనిమనిషిని చేస్తానని మొదట చెల్లెల్ని బెదిరించింది అక్కే. అది దుర్మార్గమని కథ మనకి చెబుతుంది. అదే పని చివర్లో అక్కకి జరిగితే న్యాయమంటుంది. తోబుట్టువు చేత చాకిరీ చేయించుకునే న్యాషా మంచితనం గురించి ఒక్క ముక్కా లేదు. ఆ మంచితనం కూడా ఎలాంటిది? అక్క ఎంత సతాయించినా తండ్రికి చెప్పదు. ఓర్చుకుంటుంది. నోరు మూసుకున్నందుకు రాజు దొరికాడు. ఈ పాఠం మనకి కొత్తా? దీన్ని నేర్పడానికి ఆఫ్రికా దాకా పోవాలా?

నిజానికి ఈ కథ పోలేదు, తేబడింది. ఎక్కడి నుంచి, ఎవరి దగ్గర నుంచి అన్నదే నా గొడవ. స్టెప్టో తన ఆధారాన్ని దాచలేదు. జి.ఎం. థీల్ సేకరించిన కథ అని పుస్తకంలోనే చెప్పాడు. థీల్ కెనడాలో పుట్టి, దక్షిణాఫ్రికాలో కేప్ వలస ప్రభుత్వంలో పనిచేసిన చరిత్రకారుడు. ఆయన సంపుటి 1882లో అచ్చయింది. దాని పేరులో ఖోసా ప్రజలని పిలిచిన మాట ఇవాళ అక్కడ పచ్చి తిట్టు. అందులోని కథలో అక్కచెల్లెళ్ల పేర్లు మ్పుంజికాజి, మ్పుంజన్యానా. పెళ్లికొడుకు పేరుకి అయిదు తలలవాడనే అర్థం. అత్త కోడలికి ధాన్యం ఇచ్చి విసరమంటుంది, రొట్టె చేయమంటుంది. పిండి బరకగా ఉంది, రొట్టె నచ్చలేదు. పాము తోకతో కొట్టి అక్కని చంపేస్తుంది. చెల్లెలు మెత్తగా విసురుతుంది, బతుకుతుంది.

ఇది స్త్రీవాద కథేమీ కాదు. ఇందులోనూ ఒద్దికైన పిల్లే గెలుస్తుంది. కానీ ఈ కథ పాముని పాముగానే చూపించింది. కొత్త ఇంట్లో తిరగలి ముందు కూర్చున్న పిల్ల గుండెదడ ఇందులో వినబడుతుంది. వండింది నచ్చకపోతే కొట్టి చంపే మొగుడున్నాడని పెళ్లికాని పిల్లల ముందు పైకే చెప్పింది. వంట బాగాలేదని దెబ్బలు తిన్న ఆడవాళ్లు మన వీధిలోనూ ఉన్నారు. వాళ్లకి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు.

బొమ్మల పుస్తకంలో తిరగలి పరీక్ష లేదు, తోకదెబ్బ లేదు. పిల్లల కోసం హింస తీసేశారనుకుందాం. కానీ భయం మాత్రం ఉంచి, దాన్ని చెడ్డపిల్ల నెత్తిన వేశారు. అయిదు తలలు అక్కకే కనబడ్డాయి. పైగా నీ తప్పులన్నీ నాకు తెలుసని ఆ పాము అన్నదట. మంచిపిల్లకి మాత్రం మొగుడు తోటలో నేస్తంలా కనబడ్డాడు. అంటే భయంకరంగా ఉన్నది మొగుడు కాదు, చూసినదాని బుద్ధి! "నువ్వు సరిగ్గా ఉంటే వాడెందుకు కొడతాడే?" అన్న మాటకి ఇంతకంటే అందమైన బొమ్మ ఎవరు వేయగలరు?

స్టెప్టోని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నల్ల పిల్లలకి గర్వంగా చూసుకునే ముఖాలిచ్చాడు. గ్రేట్ జింబాబ్వే శిథిలాల స్ఫూర్తితో నగరాన్ని గీసి, ఆఫ్రికాకి నాగరికత లేదన్న వాళ్లకి జవాబు చెప్పాడు. 1989లో, నలభై నిండకుండానే పోయాడు. ఆ జవాబు అవసరమైనదే. కానీ దానికోసం ఖోసా కథకి షోనా పేర్లు పెట్టి, వెయ్యి కిలోమీటర్లకి పైగా ఉత్తరానికి తరలించాల్సి వచ్చింది. అట్ట మీద ఉన్నది "ఒక ఆఫ్రికా కథ" అని. 1971లో కాల్డికాట్ పతకం పొందిన గెయిల్ హేలీ అనాన్సి పుస్తకం మీదా అదే మాట. యాభై నాలుగు దేశాలకి కలిపి ఒకటే ఊరు! జాతి గౌరవం నిలబెట్టే పనిలో ఆడవాళ్ల భయాన్ని పక్కన పెట్టడం మన ఉద్యమాల్లో చూడనిదా?

అట్ట మీద రచయిత పేరుంది. లోపల సేకర్త పేరుంది. కథ చెప్పినవాళ్ల పేరే లేదు. ఖోసా 'ఇంత్సోమి' కథలు ప్రధానంగా ఆడవాళ్ల నోటి కళ. కాలవే అనే మిషనరీ 1868లో అచ్చువేసిన జూలూ కథల్లో చాలావాటిని చెప్పినావిడ పేరు ఉంకసెతెంబా. ఆ పేరుకి 'సెతెంబా భార్య' అని అర్థం. పేరు దొరికిన చోట కూడా అందులో మొగుడి పేరు కలిసే ఉంది. అలాగని ఇది మార్చలేనిది కాదు. హెరాల్డ్ షూబ్ సేకరించిన కథలతో 1992లో వచ్చిన 'ద వరల్డ్ అండ్ ద వర్డ్' పుస్తకానికి ఖోసా కథకురాలు నొంగెనిలె మసితతు జెనాని రచయిత్రిగా నిలిచింది. కథలతోపాటు వాటి మీద ఆమె వ్యాఖ్యానమూ అచ్చయింది. సేకర్త ఒక మెట్టు దిగితే చాలు, కథకురాలు కనబడుతుంది.

"పిల్లల పుస్తకంలో ఇంత వెతకాలా?" అంటారు. వెతకాల్సింది అక్కడే. పెద్దయ్యాక చదివేవాటితో మనం వాదించగలం. ఆరేళ్లప్పుడు విన్నవి ఒంట్లో ఇంకిపోతాయి.

ఇలాంటి పుస్తకాలని తెలుగు చేసేవాళ్లని, వేసేవాళ్లని నేను అడిగేది మూడే. "ఆఫ్రికా కథ" అని సరిపెట్టకుండా ఏ జాతిది, ఏ భాషది అన్నది రాయండి. చెప్పినామె పేరు దొరికితే అట్ట మీద వేయండి, దొరక్కపోతే ఆ సంగతీ అచ్చువేయండి. పాముకి అయిదు తలలుంటే ఇద్దరు పిల్లలకీ అయిదూ చూపించండి. మన అమ్మమ్మల కథలకి "సేకరణ" అని ఒక పెద్దమనిషి పేరు వేసి ఊరుకున్న మనకి కూడా ఇది వర్తిస్తుంది.

మా పాపకి మర్నాడు జవాబు చెప్పాను. "ఎందుకయిందో నాకూ తెలీదు. కాకూడదు" అన్నాను. అది కాసేపు ఆలోచించి, చివరి పేజీలో రాణి పక్కన పెన్సిల్‌తో ఇంకో కుర్చీ గీసింది.