బండిమీద ఓడ

"ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును" అను సామెతను కలిమిలేములకు అన్వయించి చెప్పుట మన వాడుక. కాని ఆ మాట పుట్టినప్పుడు పెద్దల కన్నులయెదుట నిజమైన ఓడలు, నిజమైన బండ్లు ఉండియుండును. ఏరు దాటవలసిన బండి ఓడ నెక్కును. నేలపై పోవలసిన ఓడ బండి నెక్కును. ఈ రెండవ సంగతిని మనము మఱచితిమి. కృష్ణ యొడ్డున నున్న చెవిటికల్లు వంటి గ్రామములు దానిని మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలెననియు, పడవను మోయు చిన్న బండి నొకదానిని బడిలోనే, మన చేతులతోనే చేసికొనవలెననియు నా యభిప్రాయము.

ఇది వినోదమునకు చెప్పు మాట కాదు. వరద పడవల రేవును వెదకుకొని రాదు. 2023వ సంవత్సరము జూలై నెలాఖరున మున్నేరు పొంగి, నందిగామ చెంతనున్న ఐతవరమువద్ద హైదరాబాదు–విజయవాడ రహదారిని ముంచగా, బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజీవద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించెను. అయినను ఆ దినములలో విజయవాడయందలి సింగునగరు మొదలగు పేటలను ముంచినది గండ్లు పడిన బుడమేరు. అంతకుముందు ఆటోలు తిరిగిన వీథులలో పడవలు కావలసివచ్చెను. పడవ యొకచోట, ఆపద యొకచోట నున్నప్పుడు రెంటిని కలుపునది బండియే.

ఈ సత్యమును 2018 ఆగస్టులో కేరళదేశపు జాలరులు లోకమునకు చూపిరి. నదులు పొంగి, సముద్రమునకు దూరమున నున్న చెంగన్నూరు మొదలగు ఊళ్లు మునిగినప్పుడు, వారు తమ పడవలను లారీల కెక్కించి, నేలమీద తీసికొనిపోయి, వేలకొలది జనులను మేడలనుండియు కప్పులనుండియు దింపి కాపాడిరి. సముద్రపు పడవ రోడ్డెక్కినందుననే ఇన్ని ప్రాణములు నిలిచెను.

అయితే లారీ అన్నిచోట్లకు రాదు. రేవునుండి గట్టుమీదికి, సందులనుండి నీటి యంచునకు పడవను చేర్చుట మనుష్యుల పని. మన పుట్టిని ఒక్క మనుష్యుడు వీపున వేసికొని నడువగలడు. కాని అది కొద్దిమందినే మోయును, వడిగల నీటిలో గిరగిర తిరుగును. ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూయిట్ జనులు చట్రముపై తోలు బిగించి చేసిన కయాకు అను సన్నని పడవయు తేలికయే గాని, అది సాధారణముగా ఒక్కనికే చాలును. నేడు పాశ్చాత్యదేశములలో కయాకులు గలవారు అనేకులు, వానిని నీటివద్దకు చేర్చుటకు రెండు చక్రముల బండ్లను ఇంటనే చేసికొనుచున్నారు. నలుగురైదుగురిని ఎక్కించు పడవ గల మనకు అట్టి బండి మఱింత యవసరము.

దాని యందలి సూత్రము కష్టమైనది కాదు. పన్నెండు అడుగుల పొడవు, 60 కిలోల బరువు గల చిన్న పడవ నొకదానిని తలచుకొనుడు. ఒక కొన నేలనుంచి రెండవ కొన నెత్తినచో, చేతులమీద ఇంచుమించు సగము బరువు, అనగా 30 కిలోలు పడును. ఇప్పుడు పడవక్రింద గుండ్రని వాసము నొకదానిని ఉంచి, ఇటునటు జరిపి, ఏ చోట పడవ త్రాసువలె సమముగా నిలుచునో గుర్తింపుడు. ఆ గుర్తునకు అర అడుగు వెనుకగా ఇరుసు నమర్చి, ఇరుసునకు ఆరడుగుల ముందు చేతిపట్టు నుంచుడు. 60ని అరతో గుణించి ఆరుతో భాగించిన, బండి బరువును విడిచి, చేతిమీద పడునది 5 కిలోలే. ఇరుసును గుర్తునకు ముందు పెట్టితిమా, పట్టు పైకెగిరి పడవ వెనుకకు ఒరుగును. తులాదండమును గూర్చి పుస్తకమున చదివినది ఇచ్చట చేతికి తెలియును.

చక్రముల విషయమున తొందరపడరాదు. సైకిలుచక్రము నిలువు బరువును బాగుగ మోయును గాని, గోతిలో ప్రక్కకు ఒరిగినప్పుడు దాని ఊచలు వంగును. పైగా సన్నని టైరు ఇసుకలో దిగబడును. ఏటి యొడ్డునకు పాత స్కూటరుచక్రముల వంటి వెడల్పైనవి మేలు. పడవ యడుగు ఆను దూలములకు గోనెసంచులు చుట్టవలెను. లేనిచో ఒరపిడిచే పడవ చిల్లులు పడును. ముందుకును వెనుకకును జారకుండ త్రాళ్లతో కట్టవలెను. గట్టు దిగునప్పుడు వెనుకనుండి ఇద్దరు త్రాడు పట్టి నిలుపవలెను. బండికి దిగువన ఎవ్వరును నిలువరాదు. దీనిని మోటారుబండికి తగిలించి రోడ్డుపై లాగరాదు. అట్టి ట్రెయిలరునకు చట్టప్రకారము రిజిస్ట్రేషను కావలెను. దూరము పోవలసినప్పుడు పడవను బండితోకూడ లారీ కెక్కించుటయే తగును.

"ప్రభుత్వమువారి పడవలు వచ్చును గదా, మనకేల?" అని కొందఱు అనవచ్చును. వచ్చును, రావలెను గూడ. కాని అవి వచ్చువఱకు గడచు మొదటి గంటలు ఇరుగుపొరుగువారివే. "చదువు చెడును" అని కొందఱు తల్లిదండ్రులు అనవచ్చును. పైన చెప్పిన లెక్క చదువు కాదా? వడ్రంగివద్ద కొలత తప్పనీయని చేయియు, కమ్మరివద్ద ఓర్పును నేర్చుట చదువు కాదా? "పిల్లలను వరదలోనికి పంపుదురా?" అను ప్రశ్న మాత్రము న్యాయమైనది. పంపరాదు. వరదనీట పడవ నడుపుట ఈతయు ఏటి గుణమును ఎఱిగిన పెద్దల పని. బండిని చేసి, ప్రతి యేట తొలకరికి ముందు ఇరుసునకు గ్రీజు పెట్టి, టైర్లలో గాలి చూచి, త్రాళ్లు పరీక్షించి సిద్ధముగ నుంచుట విద్యార్థుల పని. ఏడాది పొడుగున ఊరకయుండి, ఒక్క రాత్రి కావలసిన వస్తువును చెడనీయక కాపాడుట బాలురకు నేర్పదగిన గుణములలో ముఖ్యమైనది.

కావున తల్లిదండ్రులకు నా మనవి యిది. ఈ వేసవిలో పాత చక్రములు, రెండు దూలములు, ఒక ఇనుప కడ్డీ బడికి ఇప్పింపుడు. జాలరుల పెద్దలను పిలిచి వారి పడవ కొలతలు అడుగుడు. ఈ విషయమున వారే మనకు గురువులు. విద్యార్థులారా, రంపమును సుత్తిని పట్టుటకు సిగ్గుపడకుడు. ఆ బండి యెన్నడును అక్కఱకు రాకుండిన అందఱము సంతోషింతము. వచ్చిన దినమున మాత్రము అది చక్రములు సరిగా తిరుగుచు, చావడిలో సిద్ధముగ నుండవలెను.