చేతి రాయి – కడలి రాయి

స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతంలో రాళ్ళకు కొదవ లేదు. కాజీపేట నుండి సికింద్రాబాదు వైపు సాగిపోయే రైలులో కూర్చున్నవారికి ఇరువైపులా గుట్టలు, బండలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గుండ్లు, వాటి నడుమ వరిమళ్ళు, చెరువులు దర్శనమిస్తాయి. రెండువందల కోట్ల ఏండ్లకు పైబడిన వయస్సు గల గ్రానైటు అది. ఇంటి పునాదికి, గుడి స్తంభానికి, పొలం గట్టుకు పనికివచ్చిన ఆ రాయి ఒక్క పనికి మాత్రం కొరగాదు. గాజు తొట్టిలో ఉప్పునీరు నింపి అందులో సముద్రపు చేపలను పెంచదలచిన వారికి అది అక్కరకు రాదు. వారికి కావలసినది కడలి రాయి. ఘన్‌పూర్‌కు అతి దగ్గరి తీరం కూడా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉంది. అయితే దూరం అసలు సమస్య కాదు. ఆ రాయిని సముద్రం నుండి తీయవచ్చునా అన్నదే ప్రశ్న.

అక్వేరియం పెంపకందార్లు ఈ రాయిని లైవ్ రాక్ అని వ్యవహరిస్తారు. నిజానికి రాయికి ప్రాణం లేదు. మరణించిన పగడాల అస్థిపంజరాలే కాలక్రమంలో గడ్డకట్టి ఈ రాయిగా ఏర్పడతాయి. ప్రాణమున్నది దాని రంధ్రాలలో కాపురముండే సూక్ష్మజీవులకు. చేప విసర్జించే మలినాలలోని అమ్మోనియా చేపకే విషం. రాతి పైభాగంలో నివసించే ఒక రకం బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైటుగా, మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ప్రాణవాయువు చొరబడని లోతైన రంధ్రాలలోని జీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి సాగనంపుతాయి. నిరంతరం నీటిని కడుగుతూ ఉండే పాకీపని ఇది. రంధ్రాలు లేని రాతిలో ఈ పని సాగదు. గ్రానైటు దట్టమైనది, దానిలో సూక్ష్మజీవికి తలదాచుకొనే చోటు దొరకదు.

రంధ్రాలున్న రాయిని మనిషి చేతితో తయారుచేయడం ఈ ప్రాంతానికి కొత్త విద్య ఏమీ కాదు. పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందిన ఆ ఆలయ శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలుతాయి. నేల బరువు ఓర్చుకోలేదన్న ఆలోచనతో ఆనాటి శిల్పులు గాలితో నిండిన రంధ్రాలు గల తేలికపాటి ఇటుకలను కాల్చి తీశారు. వారి అవసరం వేరు, నేటి అక్వేరియం అభిమాని అవసరం వేరు. కాని దొరికిన రాయి పనికిరానప్పుడు కావలసిన రాయిని సృష్టించుకోవచ్చునన్న ధైర్యం మాత్రం ఒక్కటే.

సముద్రపు రాతితో తొట్టిని నడపవచ్చునని లోకానికి తెలియజెప్పినవాడు ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్. ఆయన 1961లో తన పద్ధతిని ఒక ఆంగ్ల పత్రికలో వివరించాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు ఈ పద్ధతి ఐరోపా, అమెరికాలలో విస్తరించింది. ఫిజీ, ఇండోనేషియా వంటి ద్వీప దేశాల తీరాల నుండి టన్నుల కొద్దీ రాయి విమానాలెక్కింది. గుండ్రటి పగడపు జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతాయి. గడ్డపారతో నిమిషంలో పెకలించిన ముక్క ఏర్పడడానికి ఒక మనిషి బాల్యమంత కాలం పట్టి ఉంటుంది. రెండువందల లీటర్ల తొట్టి ఒక్కదానికే ఇరవై కిలోలకు పైగా రాయి కావాలి. సముద్రపు అడుగు భాగంలో ఒక శాతం కన్నా తక్కువ మేర ఆక్రమించిన పగడపు దిబ్బలు సముద్ర జీవజాతులలో దాదాపు నాలుగవ వంతుకు ఆశ్రయమిస్తున్నాయన్న సంగతిని దీనితో కలిపి చూసినప్పుడే ఈ వ్యాపారం ఎంతటి నష్టమో అర్థమవుతుంది. ఫ్లోరిడా తీరంలో సహజ శిల సేకరణను 1990ల నాటికే నిషేధించారు.

భారతదేశంలో ఈ విషయమై చట్టం స్పష్టంగా ఉంది. దిబ్బలను కట్టే గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. ఉల్లంఘించిన వారికి మూడేండ్ల నుండి ఏడేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయినా నగరాలలోని కొన్ని దుకాణాలలో వెనుక గదులలోని తొట్లలో సముద్రపు రాయి దొరుకుతూనే ఉంటుంది. కొనేవాడు కేవలం రాయి కొంటున్నాననుకుంటాడు.

ఆ అజ్ఞానానికి సముద్రం ఏ వెల చెల్లించిందో మన్నారు సింధుశాఖ చెబుతుంది. తమిళనాడు తీరాన రామేశ్వరం, తూత్తుకుడిల నడుమ 21 దీవుల సముదాయం ఉంది. 1986లో దీనిని సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. సున్నానికి, నిర్మాణాలకు అక్కడి పగడపు రాతిని దశాబ్దాల తరబడి తవ్వుకుపోయారు. అలలను అడ్డుకొనే గోడ తొలగిపోవడంతో పూవరసన్‌పట్టి, విలంగుచల్లి అనే రెండు దీవులు నీట మునిగిపోయాయి. గుప్పెడు రాయి తీయడానికీ దీవి మునగడానికీ పోలిక ఏమిటని కొందరు వాదించవచ్చు. దీవిని తవ్వినవారు కూడా ఒక్కొక్క పడవ చొప్పుననే తవ్వారు.

కావున రాయిని ఇంటనే తయారుచేసుకోవడం మేలు. అమెరికాలో సముద్రమే లేని ఇడాహో రాష్ట్రపు అభిమానులు 1990లలో సిమెంటు, గుల్లల మిశ్రమంతో రాళ్ళు పోసి ఈ మార్గానికి ప్రచారం కల్పించారు. ఘన్‌పూర్‌లో దీనికి కావలసిన సరుకులన్నీ బజారులోనే లభిస్తాయి. సిమెంటు ఒక పాలు, కోళ్ళ మేతలో కలిపే గుల్లపొడి, ఇసుక కలిపి మూడు పాళ్ళు, దొడ్డుప్పు ఒకటి లేదా ఒకటిన్నర పాళ్ళు సరిపోతాయి. సిమెంటులో రంగులు గాని, నీరు చొరకుండా చేసే రసాయనాలు గాని కలిసి ఉండరాదు. తెల్ల సిమెంటా, మామూలు సిమెంటా అన్న చర్చ అభిమానుల మధ్య ఎడతెగకుండా సాగుతుంది. పనికి రెండూ వస్తాయి. నీరు మాత్రం అతి తక్కువగా పోయాలి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందులనుండి నీరు కారరాదు. ఈ మిశ్రమంలో కీలకం దొడ్డుప్పుది. రాయి గట్టిపడిన తరువాత నీటిలో నానబెడితే ఉప్పు కరిగిపోయి, అది ఉన్న చోటనల్లా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలే రేపటి సూక్ష్మజీవుల ఇళ్ళు. అయితే ఉప్పు ఎక్కువైతే రాయి పెళుసుబారి చేతిలోనే విరుగుతుంది.

అచ్చుకు తడి ఇసుకే చాలు. ఒక పెద్ద తట్టలో తడి ఇసుక నింపి, చేతితో గుంటలు చేసి, మిశ్రమాన్ని అందులో వదులుగా వేయాలి. గట్టిగా దట్టించినచో రంధ్రాలు మూసుకుపోతాయి. గుహ కావలసిన చోట పిడికెడు తడి ఇసుకను నడుమ పెట్టి దానిపై మిశ్రమం కప్పితే, ఆరిన తరువాత ఇసుక రాలిపోయి చేప దాగే చోటు ఏర్పడుతుంది. రెండు మూడు రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచి, ఆపై మెల్లగా వెలికితీయాలి. గోడకు నీళ్ళు కొట్టినట్లే ఈ రాయికీ నాలుగు వారాలు తడి తగులుతూ ఉండాలి. సిమెంటు పూర్తి బలం పుంజుకోవడానికి 28 రోజులు పడుతుందన్న సంగతి మేస్త్రీలకు కొత్త కాదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రాయి గట్టిపడింది కదా అని తొట్టిలో పెడతారు. సిమెంటు నీటితో కలిసినప్పుడు గట్టిదనాన్నిచ్చే పదార్థంతో పాటు కాల్షియం హైడ్రాక్సైడు, అనగా తడిసున్నం కూడా పుడుతుంది. అది నెమ్మదిగా నీటిలోకి ఊరి, నీటి పీహెచ్ విలువను 12 దాకా తీసుకుపోతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.1, 8.3 మధ్య ఉంటుంది. పీహెచ్ కొలమానంలో ఒక్కొక్క అంకె పెరిగితే క్షారత పదింతలవుతుంది. 8కీ 12కీ మధ్య తేడా పదివేల రెట్లు. అటువంటి నీటిలో చేప మొప్పలు కాలిపోతాయి. కనుక రాళ్ళను మంచినీటి తొట్టిలో ముంచి, ఆ నీటిని తరచుగా పారబోసి కొత్తనీరు పోస్తూ, నాలుగు నుండి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. రాయిని శుభ్రమైన బకెట్టు నీటిలో రెండు రోజులుంచి పీహెచ్ కొలిచి, అది పెరగడం ఆగినప్పుడే పని పూర్తయినట్లు. క్యాలెండరును కాదు, కొలతను నమ్మాలి. ఆపై ఉప్పునీటి తొట్టిలో బాక్టీరియా స్థిరపడడానికి మరొక నెలో నెలన్నరో. ఉగాదికి పోసిన రాయి నడుమ చేప ఈదేది వినాయక చవితికే.

ఇంత కష్టపడినా అది నకిలీ రాయే కదా అన్న ఆక్షేపణ ఉండనే ఉంది. రూపం విషయంలో అందులో కొంత నిజముంది. మొదటి కొన్ని నెలలు ఆ రాయి అచ్చంగా సిమెంటు ముద్దలాగే కనిపిస్తుంది. ఆ కాలంలో తొట్టి అందంగా ఉండదు. పగడపు రాతితో పాటు వచ్చే వందలాది చిన్న జీవులు కూడా దీనితో రావు. కాని గుణం విషయంలో ఆ మాట నిలవదు. మన్నారు సింధుశాఖలోనే వాన్ దీవి కోతకు గురై కనుమరుగయ్యే స్థితికి వచ్చినప్పుడు, 2015, 2016 సంవత్సరాలలో దాని ముందు సముద్రంలో రంధ్రాలున్న సిమెంటు దిమ్మెలను వేల సంఖ్యలో దించారు. వాటి చాటున ఇసుక నిలిచింది, వాటి చుట్టూ చేపలు చేరాయి, వాటిపై పగడాలు పెరిగాయి. సముద్రమే సిమెంటు దిమ్మెను తనదిగా స్వీకరించినప్పుడు గాజుతొట్టి కాదనడానికి కారణం లేదు.

రెండవ ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. సిమెంటు తయారీలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ వాయువే సముద్రాన్ని వేడెక్కించి పగడాలను చంపుతున్నది. మామూలు వేసవి వేడిమికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు నిలిచిందంటే పగడం తనలో దాచుకొన్న నాచును వెళ్ళగొట్టి తెల్లబారిపోతుంది. 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రపంచవ్యాప్త తెల్లబారుడు ఇటువంటి వాటిలో నాలుగవది. లక్షద్వీప్ పగడాలు కూడా దాని బారిన పడ్డాయి. మరి పగడాన్ని కాపాడే పేరిట సిమెంటు వాడడమేమిటి? లెక్క వేసి చూడవలసిందే. ఇరవై కిలోల రాయికి ఐదారు కిలోల సిమెంటు పడుతుంది. దాని తయారీలో వెలువడే వాయువు సుమారు అంతే బరువో, ఇంకా తక్కువో. ఘన్‌పూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. పగడాలకు కావలసినది 26 డిగ్రీల నీరు. నీటిని చల్లబరిచే యంత్రం, బలమైన దీపాలు, పంపులు కలిసి సగటున 300 వాట్లు వాడినా రోజుకు ఏడు యూనిట్ల పైచిలుకు విద్యుత్తు ఖర్చవుతుంది. చేల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం భూపాలపల్లి బొగ్గును మండిస్తున్నది. బొగ్గు విద్యుత్తు యూనిట్టుకు దాదాపు ఒక కిలో వాయువు చొప్పున చూస్తే, రాళ్ళన్నిటికీ పట్టిన సిమెంటు పాపాన్ని తొట్టి ఒక్క రోజులోనే మించిపోతుంది. తప్పు రాతిది కాదు, తొట్టిలో పగడాలుండాలన్న కోరికది.

అందుచేత రాయి చేసుకోవడం మంచిదే కాని దానిపై పగడాన్ని నిలపాలన్న ఆశ వదులుకోవాలి. గట్టి పగడాన్ని ఇంట ఉంచుకోవడానికి చట్టం ఎలాగూ ఒప్పుకోదు. పగడం లేని తొట్టికి అంత వెలుగు అక్కరలేదు. ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైనా చేప ఓర్చుకుంటుంది. నీటిపై ఒక చిన్న ఫ్యాను తిరిగితే చాలావరకు సరిపోతుంది. చేపల విషయంలోనూ ఇదే వివేకం కావాలి. దిబ్బల వద్ద వలవేసి పట్టిన చేపలను కాక, హేచరీలో పుట్టిన చేపలనే అడిగి తీసుకోవాలి. కేరళలోని విళింజం కేంద్రంలో సముద్ర మత్స్య పరిశోధకులు, పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయం వారు క్లౌన్ చేపలను తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతులను రూపొందించారు. నారింజ రంగుపై తెల్లచారలున్న ఆ చేప సముద్రాన్ని ఎన్నడూ చూసి ఉండదు. కాబట్టి గుల్లపొడితో చేసిన గుహ దానికి పరాయిది కాదు.

ఆరునెలలో, ఏడాదో గడిచాక ఆ సిమెంటు ముద్దపై అక్కడక్కడ ఊదారంగు మచ్చలు పుడతాయి. అది సున్నాన్ని పొరలుగా పేర్చుకుంటూ పెరిగే ఒక రకం నాచు. పాత తొట్టి నుండి తెచ్చిన చిన్న ముక్కతో గాని, చెంబెడు నీటితో గాని అంటుకొని వస్తుంది. మచ్చలు కలిసిపోయి రాయి అంతటా పరచుకొన్న తరువాత అది సముద్రం నుండి వచ్చిందో, ఘన్‌పూర్‌లోని ఏ ఇంటి పెరటిలోని ఇసుక తట్టలో పుట్టిందో చూచేవారు పోల్చుకోలేరు.