బొమ్మ ఆయనది, గొంతు వేరొకరిది

1992లో రియాద్‌లో మా గదిలోని కాకా ఒక పాటల క్యాసెట్ కొన్నాడు. దాని గురించి రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

కాకా నాకు చుట్టం కాదు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. ఎనిమిది మందిమి ఒకదానిమీదొకటి ఉన్న మంచాల మీద పడుకునే గదిలో అందరికంటే పెద్దవాడు, అందుకని అందరికీ కాకాయే. చదువు రాదు. సంతకం మాత్రం పాస్‌పోర్టు కోసం నేర్చుకున్నాడు. జీతం ఐదు వందల రియాళ్లు, అందులో నాలుగు వందలు ఇంటికి పోవాలి. 1991 జూలైలో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక రియాల్‌కు ఏడు రూపాయల దాకా వచ్చేది. అప్పటినుంచి ఒక్క రియాల్ ఖర్చు పెట్టాలన్నా ఆయనకు ఊళ్లో ఏడు రూపాయలు కళ్లముందు కనిపించేవి. తనకోసం ఏదైనా కొనుక్కోగా మేము చూసింది తక్కువ.

శుక్రవారం సాయంత్రం బత్తా బజారుకు పోవడం మా అందరికీ అలవాటు. రియాద్‌లో పనిచేసినవాళ్లకు ఆ బజారు గురించి చెప్పక్కర్లేదు. వారమంతా సైట్ల మీద, గోదాముల్లో, ఊరి బయటి క్యాంపుల్లో ఉండే మనుషులు ఆ పూట అక్కడ చేరతారు. కేరళవాళ్లు ఒక సందు, బంగ్లాదేశ్ వాళ్లు ఒక సందు, మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు ఒక మూల. ఊరినుంచి ఎవరొచ్చారు, ఎవరు సెలవు మీద పోతున్నారు, ఎవరి కఫీల్, అంటే పనిచ్చిన యజమాని, ఇకామా అనే నివాస పత్రం చేయించకుండా తిప్పుతున్నాడు, అన్నీ అక్కడే తెలిసేవి. సినిమా హాలు లేని దేశం అది. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో ఒక హాలు తెరిచేదాకా ముప్పై అయిదేళ్లపాటు సినిమా అంటే వీడియో క్యాసెట్, పాట అంటే ఆడియో క్యాసెట్. అంతే.

ఆ రోజు ఒక దుకాణం ముందు కాకా ఆగిపోయాడు. అద్దం వెనక వరసలో ఘంటసాల బొమ్మ ఉంది. తెల్ల పంచె, భుజం మీద కండువా. "గీ సారుదే గావాలె" అన్నాడు. ధర రెండు పూటల బువ్వ పైసలంత. బేరం కూడా చేయలేదు. పెళ్లయిన కొత్తలో భార్యను బండి కట్టుకొని తీసుకుపోయి జగిత్యాలలో 'లవకుశ' చూపించానని దారి పొడవునా చెప్పాడు. 1963లో వచ్చిన ఆ సినిమాకు పల్లెలకు పల్లెలు బండ్లు కట్టుకొని పోయాయి. దానికి సంగీతం ఘంటసాలది, రాముడికి గొంతూ ఆయనదే.

గదికి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని, మీద ఉన్న పల్చటి ప్లాస్టిక్ కాగితం చించి, మా నేషనల్ పానసోనిక్ టేప్ రికార్డర్‌లో వేశాం. వాద్యాలు మొదలయ్యాయి. వయొలిన్లు ఉండాల్సినచోట కీబోర్డు. తర్వాత గొంతు వచ్చింది. కాకా ఒక్క చరణం కూడా ఆగలేదు.

"గిది సారు గొంతు కాదు తమ్మీ."

నేను అట్ట తీసి చూశాను. లోపలి మడతలో, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఈ పాటలు వేరే గాయకులు పాడినవని ఉంది. గాయకుడి పేరు మాత్రం లేదు. ఆ ముక్క చదివి చెప్పాను. కాకా ఏమీ అనలేదు. రెండో వైపు తిప్పి వేయించుకున్నాడు. అదీ అంతే. తర్వాతి శుక్రవారం దుకాణానికి పోతే, కాగితం చించిన క్యాసెట్ వాపసు తీసుకోనన్నాడు. అతనికి మాత్రం ఏం తెలుసు? బొంబాయి నుంచి పెట్టెల్లో వచ్చిన సరుకు, బొమ్మ చూసి అమ్మాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ పాడినతను చెడ్డగా పాడలేదు. శ్రుతి తప్పలేదు, మాట తప్పలేదు. మద్రాసులో ఏదో స్టూడియోలో ఒక పూటలో పది పాటలు పాడించి పంపేసి ఉంటారు. అతని పేరుతో, అతని బొమ్మతో ఆ క్యాసెట్ వచ్చి ఉంటే మా గదిలో కొందరైనా ఇష్టంగానే వినేవాళ్లం. పేరు దాచినందువల్ల కాకాకు పైసలు పోయాయి, ఆ గాయకుడికి పాడిన పాట మీద తన పేరే పోయింది. లాభం మధ్యలో ఒక్కడికే.

పాటల క్యాసెట్ కొని ఉసూరుమన్న సందర్భాలు గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు కొల్లలు. ఒకవైపు కోరుకున్న సినిమా, రెండోవైపు ఎవరూ వినని సినిమా. నకలు క్యాసెట్లయితే టేపు చాలక ఆఖరి పాట మధ్యలోనే తెగిపోయేది. వేగంగా కాపీ కొట్టడంవల్ల గొంతులు కీచుగానో మందంగానో మారేవి. సౌదీలో కాపీరైటు చట్టం వచ్చింది 1989 చివర్లో, ఆ దేశం బెర్న్ ఒప్పందంలో చేరింది 2004లో. ఆ నడిమి ఏళ్లలో బజారులో ఏది అసలో ఏది నకలో కొనేవాడికి తెలిసే దారి ఉండేది కాదు. వీటన్నిటికీ నేను సర్దుకోగలను. పాట బాగాలేకపోవడం కొనేవాడి అదృష్టం మీద ఉంటుంది. చెప్పిన మనిషి లోపల లేకపోవడం మోసం. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

దేశంకాని దేశంలో ఉన్నవాడికి ఈ తేడా ఎంతో పెద్దది. ఇంటి దగ్గరుంటే పాట వేరేవాళ్లు పాడినా పాటే. దూరంగా ఉన్నవాడు పాటలో వెతికేది తనకు గుర్తున్న ఆ గొంతునే. కాకాకు ఆ గొంతుతోపాటు ఎడ్లబండి, భార్య పక్కన కూర్చోవడం, ఆనాటి వయసు అన్నీ వస్తాయి. మరొకరి గొంతుతో అవేవీ రావు.

మరి ఇలా వేరేవాళ్లతో పాడించి అమ్మడం అప్పట్లో చట్టవిరుద్ధమా అంటే, పూర్తిగా కాదు. మన 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ముందే రికార్డుగా వచ్చిన పాటనైతే నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి ఎవరైనా వేరేవాళ్లతో పాడించి అమ్ముకునే వీలుండేది. వీటినే వెర్షన్ రికార్డులు అనేవాళ్లు. 1980లు, 90లలో దేశమంతా ఈ వ్యాపారం నడిచింది. 'హమ్ ఆప్‌కే హై కౌన్' పాటల వెర్షన్ క్యాసెట్ మీద గ్రామఫోన్ కంపెనీకీ సూపర్ క్యాసెట్స్‌కూ మధ్య తగాదా ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. ఇది అసలు సినిమా పాట కాదు, వేరే గాయకులు పాడినదని కనబడేంత పెద్ద అక్షరాల్లో అట్ట మీద చెప్పాలన్నది 1995లో ఆ కేసులో కోర్టు చెప్పిన మాట.

పెద్ద అక్షరాలు చదువు వచ్చినవాడికి సరిపోతాయి. కాకాకు బొమ్మే అక్షరం. ఈ సంగతి చట్టానికి తట్టడానికి ఇంకో పదిహేడేళ్లు పట్టింది. 2012 సవరణలో 31సి అనే సెక్షన్ చేర్చారు. మొదటి రికార్డు వచ్చాక వెర్షన్ పాటకు ఆగాల్సిన గడువు రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. కొనేవాణ్ని పొరబాటు పడేసే అట్ట వేయకూడదు. అసలు పాట పాడినవాళ్ల పేరు గానీ, ఏ రూపంలోనైనా వాళ్ల బొమ్మ గానీ ఉండకూడదు. ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీద రాయాలి. ఆ సెక్షన్ మొదటిసారి చదివినప్పుడు బొమ్మ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. సరిగ్గా మా కాకా కోసం రాసినట్టుంది. ఏం లాభం, 2012 నాటికి క్యాసెట్ దుకాణాలే లేవు.

ఆ చట్టంలో ఇంకా ఒక లోటుంది. రికార్డు మీద ఏమేమి అచ్చువేయాలో 52ఎ సెక్షన్ చెబుతుంది: తయారుచేసిన సంస్థ పేరు, హక్కుదారు పేరు, మొదట వెలువడిన సంవత్సరం. పాడినవాళ్ల పేరు అందులో లేదు. రాసినవాళ్ల పేరు లేదు. కంపెనీ చిరునామాకు ఉన్నపాటి విలువ గొంతుకు లేకపోవడం నాకు మింగుడుపడదు.

ఇది పాత గొడవ, ఇప్పుడెందుకు అనుకునేవాళ్లు ఫోన్‌లో ఘంటసాల అని వెతికి చూడండి. ఆయన బొమ్మ పెట్టి ఇంకెవరో పాడిన పాటలు ఇప్పటికీ వస్తాయి. దీనికి తోడు ఇప్పుడు గొంతునే తయారుచేసే యంత్రాలు వచ్చాయి. 'కీడా కోలా' సినిమాలో దివంగత గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో, కుటుంబాన్ని అడగకుండా వాడారని ఆయన కొడుకు చరణ్ 2024లో నిర్మాతలకూ సంగీత దర్శకుడికీ నోటీసు పంపించాడు. అదే ఏడు 'లాల్ సలామ్' తమిళ చిత్రానికి ఇద్దరు చనిపోయిన గాయకుల గొంతులు వాడిన రెహమాన్, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నానని, పారితోషికం ఇచ్చానని బయటికి చెప్పాడు. నా దృష్టిలో రెహమాన్ చేసింది కనీస మర్యాద. వినేవాడికి కూడా అదే మర్యాద దక్కాలి. పాట మొదట్లోనే, బొమ్మ పక్కనే, ఇది ఎవరి గొంతో, మనిషిదో యంత్రానిదో రాయాలి. కాకాకు ఆ రోజు ఒక్క చరణం చాలింది. యంత్రం గొంతు అయితే ఆ ఒక్క ఆధారమూ పోతుంది.

ఇక ఆ క్యాసెట్ ఏమైందో చెప్పాలి.

క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ చెవులుంటాయి. పాటల క్యాసెట్లకు వాటిని విరిచేసి అమ్ముతారు, పొరబాటున ఎవరూ దానిమీద రికార్డు చేయకుండా. ఆ గుంటలకు కాగితం ముక్క కూరినా, టేపు అంటించినా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పని ఇది. ఫోన్ చేస్తే నిమిషానికి ఒక పూట తిండి పోయేది, ఉత్తరం రాయాలంటే రాయడం రావాలి, రాసినా అక్కడ చదివేవాళ్లుండాలి. అందుకని మాటలు క్యాసెట్లో నింపి, సెలవు మీద పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. కాకా ఆ ఘంటసాల క్యాసెట్‌కు కాగితం కూరి, ఒక రాత్రి మమ్మల్నందర్నీ బయటికి పొమ్మని, ఇంటికి మాట్లాడాడు.

కాకా పోయి చాలా ఏళ్లయింది. నాలుగేళ్ల కింద వాళ్ల ఊరికి పోయినప్పుడు ఆయన భార్య, అవ్వ, ట్రంకు పెట్టెలోంచి ఆ క్యాసెట్ తీసింది. అట్ట మీద ఘంటసాల బొమ్మ వెలిసిపోయింది. జగిత్యాలలో వెతికి ఒక పాత టేప్ రికార్డర్ తెచ్చి వేశాం. మక్కలు కోసిన్రా, బిడ్డకు జరం తగ్గిందా, బాకీ ఎంత కట్టినవ్, బర్రె ఈనిందా అని కాకా గొంతు అడుగుతోంది. పన్నెండు నిమిషాలు మాట్లాడి ఆపేశాడు. ఆ తర్వాత చెరగకుండా మిగిలిన టేపు మీద, సగం చరణంలోంచి, ఆ పేరు లేని గాయకుడి పాట మొదలైంది. అవ్వ ఆపొద్దంది. అయిపోయేదాకా విన్నది.

మీ ఇళ్లలో అటకల మీద, పాత పెట్టెల్లో గల్ఫ్ నుంచి వచ్చిన క్యాసెట్లు ఉంటాయి. పనికిరాని పాటలని పారేసేముందు పై అంచు చూడండి. ఆ గుంటల్లో కాగితం గానీ, పైన టేపు గానీ ఉంటే లోపల మీ ఇంటిమనిషి గొంతు ఉండొచ్చు. టేపు మీది పూత ఏడాదికేడాది రాలిపోతుంది. అది తెగకముందే ఒక్కసారి మొత్తం వేసి వినండి, ఫోన్‌లోకి ఎక్కించి పెట్టుకోండి.