నాగయ్యగారూ, నా అరవై రూపాయలూ

ఈ వారం ఉత్తరాల కట్టలో తెనాలి తమ్ముడు రాసిన ఉత్తరం ఒకటి నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. మామూలుగా మీరు అడిగేవి నాకు తెలుసు. ఫలానా హీరో తర్వాతి సినిమా ఏమిటి, ఫలానా హీరోయిన్‌కి తెలుగొచ్చా, మీకు పెళ్లయిందా (అయిందండీ బాబూ, మనవలు కూడానూ). ఈ అబ్బాయి సంగతి వేరు. కొత్త ఫోను కోసం పన్నెండు వేలు దాచుకున్నాడట. ప్రాణస్నేహితుడు పరీక్ష ఫీజుకి ఆరు వేలు అడిగాడట. "ఇద్దామనే ఉంది సార్. కానీ మా నాన్న చిత్తూరు నాగయ్యగారి కథ చెప్పి భయపెడుతున్నారు. అందరికీ పెట్టి ఆఖరికి ఆయనకేం మిగిలిందిరా అంటున్నారు. అసలు మంచిగా బతకడమంటే ఏమిటి సార్?" అని రాశాడు.

మీ నాన్నగారు చెప్పిన కథే మా నాన్నా చెప్పారోయ్! నేను మద్రాసు రైలెక్కుతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి, కిటికీ ఊచ పట్టుకుని మరీ చెప్పారు. కనక ముందు నాగయ్యగారి సంగతి చూద్దాం.

మీ వయసువాళ్లకి ఆయన పాత సినిమాల్లో ఆశీర్వదించే ముసలాయన. కానీ 1943లో 'భక్త పోతన', 1946లో 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన' వచ్చాక, జనం ఆయన కనిపిస్తే చేతులు జోడించేవారు. 'త్యాగయ్య'లో వేషమూ పాటా ఆయనవే, దర్శకత్వమూ ఆయనదే. వేషాల కోసం మద్రాసు చేరిన తెలుగువాళ్లకి ఆయన ఇల్లు సత్రమేనని పాతవాళ్లు చెప్పగా విన్నాను. అడిగినవాడితో లేదనడం ఆయనకి చేతకాలేదు. 1965లో పద్మశ్రీ ఇచ్చారు. డబ్బు మాత్రం నిలవలేదు. ఒకప్పుడు సినిమా మొత్తం తన భుజాన మోసిన మనిషి చిన్నాచితకా వేషాలతో కాలం వెళ్లదీసి, 1973 డిసెంబరు 30న కన్నుమూశారు.

నాన్నలు ఇక్కడితో కథ ఆపేస్తారు. సొంత సినిమాలు తీసి పోగొట్టుకున్న సంగతి చెప్పరు. ఎంతమందికి అన్నం పెట్టినా, సినిమా తీసినంత ఖర్చవుతుందా చెప్పండి! లెక్క చూసుకోకపోవడమూ ఉంది. అదో సుగుణమని నేను పొగడను. నీ మిత్రుడికి పన్నెండు వేలూ ఇచ్చేసి నువ్వు అప్పుల పాలైతే నాగయ్యగారి పేరు చెప్పుకోకు.

సరే, నా సంగతి. ఇన్నేళ్లుగా ఈ శీర్షిక రాస్తున్నా ఇది మీకు చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లక.

1976. కోడంబాక్కంలో మేడమీద ఒక గది. నలుగురం. అందులో ఒకడు అసిస్టెంటు డైరెక్టరు, అంటే క్లాప్ కొట్టి, కాఫీలు తెచ్చి, జీతం ఎప్పుడిస్తారని అడగడానికి భయపడే ఉద్యోగం. నాకు జ్వరమొచ్చి తొమ్మిది రోజులు మంచం దిగకపోతే, అతనే మెస్సు నుంచి గిన్నెలో చారన్నం తెచ్చి పెట్టాడు. ఒకరోజు పొద్దున్నే నా దగ్గర కూచుని, "చెల్లెలి పెళ్లి గురూ. ఎల్లుండి. చార్జీలకి పాతిక సర్దగలవా?" అన్నాడు.

ముందురోజే నాన్న పంపిన మనియార్డరు వచ్చింది. అరవై రూపాయలు. నా తలగడ కింది పుస్తకంలోనే ఉన్నాయి. "నా దగ్గర మాత్రం ఎక్కడివోయ్," అన్నాను.

తడుముకోకుండా అన్నాను. మనసులో నాగయ్యగారే మెదిలారు, నమ్మండి. ఆయనలా అయిపోకూడదు, నేను తెలివైనవాణ్ణి అనుకున్నాను. అతను ఇంకోమాట అనలేదు. "పర్లేదులే" అని నా తలగడ సర్ది మరీ వెళ్లాడు. పుస్తకం చూశాడో లేదో ఇప్పటికీ తెలీదు. కింద టీకొట్టు నాయరు దగ్గర బదులు తీసుకుని ఆ రాత్రి రైలెక్కాడని తర్వాత తెలిసింది. రోజంతా పొయ్యిముందు నిలబడి టీలు కాచుకునే నాయరు!

నాలుగోరోజు తిరిగొచ్చాడు. న్యూస్‌పేపరు పొట్లం విప్పి, మొదటి లడ్డూ నాకే ఇచ్చాడు. తిన్నాను. ఏం చెయ్యను? "బావుందా?" అనడిగితే బావుందన్నాను. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. రెండేళ్లకి అతను సినిమాలు వదిలేసి ఊరెళ్లిపోయాడు. నేను అడ్రసు రాసుకోలేదు.

నాన్న చెప్పిన కథలో తప్పు లేదు తమ్ముడూ. నేను దాన్ని వాడుకున్న తీరే తప్పు. నాగయ్యగారికి లెక్కకు మించి ఇవ్వడం అలవాటు. నాకు ఆ జబ్బు ఎప్పుడూ లేదు. లేని జబ్బుకి మందు మింగాను. నీకు ఆ జబ్బుందా? పన్నెండు వేలలో ఆరు వేలు పోతే ఆరు మిగులుతాయి. ఫోను పండక్కి బదులు సంక్రాంతి దాటాక వస్తుంది. ఆ మధ్యలో పాత ఫోనులో సినిమా పాటలు వినబడవా ఏమిటి?

మంచి బతుకంటే ఏమిటని పెద్ద ప్రశ్నే వేశావు. దానికి జవాబు రాసే అర్హత ఈ లడ్డూ తిన్నవాడికి ఉందనుకోను. నాకు తెలిసింది ఒకటే: ఆ అరవై రూపాయలతో ఏం కొన్నానో ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు. లడ్డూలోని పచ్చకర్పూరం వాసన మాత్రం ఏ పెళ్లికెళ్లినా తగులుతూనే ఉంటుంది.

అన్నట్టు, ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడో నువ్వు రాయలేదు. పత్రిక నీ చేతికొచ్చేసరికి ఆలస్యమైపోతుందేమో. ముందు అది కనుక్కో.